పాత జావా చట్రమునకు క్రొత్త కొలువు

మన కళాశాలలో రుసుముల రశీదులు, హాజరు పట్టిక, పరీక్షల మార్కులు చూపునట్టి ప్రోగ్రామొకటి కొన్ని సంవత్సరములుగా నడచుచున్నది. వ్రాసినవారు మన పూర్వ విద్యార్థులే. జావా భాషలో, స్ప్రింగ్ బూట్ అను ఫ్రేమ్‌వర్కును ఆధారము చేసికొని వ్రాసినారు. కార్యాలయపు వెనుక గదిలోని యంత్రముపై అది రాత్రింబవళ్ళు మేలుకొనియే యుండును. ఏడాదిలో మూడు వందల పైచిలుకు దినములు దానిని పలుకరించువారు పట్టుమని పదిమంది యుండరు. ఫలితములు వెలువడు దినమున మాత్రము వేయిమంది ఒక్కుమ్మడిగా తలుపు తట్టుదురు. ఆ దినముననే అది మూర్ఛపోవును. ఈ ప్రోగ్రామును తీసివేసి క్రొత్తది కొనవలెనా, పెద్ద యంత్రము తెచ్చి దీనినే నడుపవలెనా యని కమిటీలో ఈ సంవత్సరము చర్చ జరిగినది. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు. వ్రాసిన ప్రోగ్రామును వ్రాసినట్లే యుంచి, దానిని సర్వర్‌లెస్ ఫంక్షనుగా నడుపుట. ఆ మార్గమేమో, అందులోని సుఖమెంత, కష్టమెంత అన్నది విద్యార్థులకును కమిటీ పెద్దలకును తెలియజేయుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

తెలుగు పాఠము చెప్పుకొను మాకు ఇందులో ఏమి పని యని విద్యార్థులు నవ్వుకొందురేమో. ఉర్దూ, తెలుగు అను రెండు వాకిళ్ళు గల కళాశాలలో పనిచేయువారికి తర్జుమా యనగా ఏమో అనుభవముచే తెలియును. ఈ విషయమంతయు మూలమున తర్జుమా విషయమే యని ముందు ముందు తేలును.

మొదట పేరును విచారింతము. సర్వర్‌లెస్ అను మాటను కొందరు సర్వర్ రహితమని తెలిగించుచున్నారు. తొందరలో చదివినచో అది సర్వరహితమై కూర్చుండును. నిజమునకు సర్వరు లేకపోవుట లేదు. సర్వరు ఎక్కడనో ఉన్నది, దాని యజమాని వేరొకడు, దాని పోషణ భారము మనది కాదు. అంతవరకే ఆ మాట కర్థము. అమెజాన్ సంస్థ 2014 నవంబరులో లాంబ్డా అను పేర ఇట్టి సేవను ప్రకటించినది. 2015 జూన్‌లో అందులో జావాకు చోటు దొరికినది. మైక్రోసాఫ్ట్, గూగుల్ సంస్థలకును ఇట్టి సేవలు కలవు. మేము మాత్రము లాంబ్డాను ఉదాహరణగా తీసికొనుచున్నాము. అమెజాన్ వారి యంత్రశాలల సముదాయమొకటి 2022 నవంబరునుండి హైదరాబాదులోనే పనిచేయుచున్నందున ఎక్కడనో అన్న ఆ చోటు మనకు మరీ దూరమును కాదు.

ఫంక్షన్ అను మాట మన యూళ్ళలో వేరొక అర్థమున స్థిరపడియున్నది. పెండ్లియైనను వలీమాయైనను ఫంక్షన్ హాలు తీసికొందుము. వేయిమంది పట్టు భవనమును సొంతముగా కట్టుకొని ఏడాది పొడుగునా దీపములు వెలిగించి కూర్చుండువాడు మాకు తెలిసినంతలో లేడు. ఆ పూటకు హాలు తీసికొని, ఆ పూటకే బాడుగ చెల్లించి, తాళము అప్పగించి ఇంటికి వత్తుము. లాంబ్డా పద్ధతి ఇదియే. ఎవరైన విద్యార్థి మన ప్రోగ్రామును అడిగిన క్షణమున దానికొక గది తెరువబడును, పని జరుగును, లెక్క కట్టబడును. ఒకేసారి వేయిమంది వచ్చినచో వేయి గదులు తెరువబడును. సాధారణముగా ఒక ఖాతాకు ఒక ప్రాంతమున ఏకకాలమున వేయి వరకు అనుమతి యుండును, క్రొత్త ఖాతాలకు మొదట తక్కువ. అడిగినచో పెంచుదురు. ఐతే ఉపమానము ఒకచోట కుంటును. మన హాలుకు పూట లెక్కన బాడుగ. ఇక్కడ 2020 డిసెంబరు వరకు సెకండులో పదవ వంతు లెక్కన ఉండెను, తరువాత మిల్లీసెకండు లెక్కన వసూలు చేయుచున్నారు. ఇంత సూక్ష్మముగా బాడుగ లెక్కించు హాలు యజమానిని మేము ఎరుగము.

ఇక మన జావా ప్రోగ్రాము ఎట్లు నడచునో చూడవలెను. జావాను సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో వెలువరించినది. వెబ్ ద్వారా వచ్చు ప్రశ్నలకు జావాలో సమాధానము చెప్పుటకై సర్వ్‌లెట్ అను ఏర్పాటు ఆ దశకములోనే వచ్చినది. దాని మీదనే తరువాతి ఫ్రేమ్‌వర్కులలో పెక్కు నిలిచినవి. జెర్సీ అట్టిదే, స్ప్రింగ్ అట్టిదే. స్ప్రింగ్‌ను సుళువుగా మొదలుపెట్టుటకు వీలు కల్పించు స్ప్రింగ్ బూట్ 2014లో వచ్చినది. ఫ్రేమ్‌వర్కు అనగా చట్రము. కిటికీ చట్రము వడ్రంగి బిగించి పోవును, అద్దములు మనము అమర్చుకొందుము. అట్లే ప్రోగ్రాములోని సర్వసాధారణమైన చాకిరినంతయు చట్రము చేయును, మన కళాశాలకు ప్రత్యేకమైన పనిని మాత్రము మనము వ్రాసికొందుము.

ఒక విద్యార్థిని తన ఫోనులో ఫలితముల మీటను నొక్కినదనుకొందము. ఆ కోరిక హెచ్.టి.టి.పి. అను మర్యాదను పాటించు ఒక లేఖగా మారి మన యంత్రమునకు చేరును. అక్కడ టామ్‌క్యాట్ అను ద్వారపాలకుడు 8080వ సంఖ్య గల వాకిట కూర్చుండి యుండును. అతడు లేఖను విప్పి, ఎవరు పంపిరి, ఏ చిరునామాకు, ఏయే వివరములతో అను విషయములన్నియు ఒక పళ్ళెములో సర్ది సర్వ్‌లెట్ రిక్వెస్ట్ అను వస్తువుగా తయారుచేయును. ఖాళీ పళ్ళెమొకటి సమాధానము కొరకు ప్రక్కన పెట్టును. ఈ రెండు పళ్ళెములను స్ప్రింగ్‌లోని ప్రధాన గుమాస్తాకు అందించును. ఆ గుమాస్తా చిరునామాను చూచి, ఫలితములు అని యున్నచో ఫలితములు వెదకు మెథడును, హాజరు అని యున్నచో హాజరు లెక్కించు మెథడును పిలుచును. మన పూర్వ విద్యార్థులు చెమటోడ్చి వ్రాసినది ఈ మెథడులనే. తక్కినదంతయు చట్రము పని, టామ్‌క్యాట్ పని.

లాంబ్డాలో వాకిలి లేదు. ఇదియే చిక్కు. వాకిట ఎవ్వరును కూర్చుండరు, కూర్చుండనవసరము లేదు. విద్యార్థిని పంపిన లేఖను ముందుగా ఏ.పి.ఐ. గేట్‌వే అను వేరొక సేవ అందుకొనును. అందుకొని, దానిని జేసన్ అను పద్ధతిలో ఒక చీటీగా తిరిగి వ్రాయును. ఆ చీటీలో పద్ధతి యేది, దారి యేది, శీర్షికలేవి, లోపలి మాటలేవి అని వేరు వేరు గళ్ళుండును. ఆ చీటీని లాంబ్డా మన జావాలోని ఒకే ఒక మెథడు చేతిలో పెట్టి, జవాబును అట్టి చీటీగానే తిరిగి ఇమ్మని అడుగును. జవాబు చీటీలో స్థితి సంఖ్య, శీర్షికలు, లోపలి మాటలు ఉండవలెను. మన స్ప్రింగ్ గుమాస్తాకు చీటీల భాష తెలియదు. అతనికి పళ్ళెములే కావలెను. లాంబ్డాకు పళ్ళెములు తెలియవు.

ఇట్టి చోట రెండు దారులున్నవి. ఒకటి, ప్రోగ్రామును చీటీల భాషలో తిరిగి వ్రాసికొనుట. 2015 ప్రాంతమున పలువురు ఈ దారినే చెప్పిరి. ప్రతి పనికి ఒక చిన్న ఫంక్షను వ్రాయుడు, చట్రములను విడిచిపెట్టుడు అని బోధించిరి. క్రొత్తగా మొదలుపెట్టువారికి అది మంచి మాటయే కావచ్చును. నాలుగైదేండ్లు వాడి, లోపములు దిద్ది, మార్కుల గుణింతములోని మెలికలన్నియు సరిచేసికొనిన ప్రోగ్రామును పారవేయుడని చెప్పుట మాకు సమ్మతము కాదు. రెండవ దారి దుభాషిని పెట్టుకొనుట. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమగుటకు ముందే, 1917లో, తర్జుమా శాఖ యేర్పడినది. భౌతికశాస్త్రమును న్యాయశాస్త్రమును ఉర్దూలోనికి తెచ్చిరే కాని, ఆ శాస్త్రములను క్రొత్తగా కనిపెట్టవలెనని ఎవరును కూర్చుండలేదు. మేము చెప్పు దారియు అట్టిదే.

ఆ దుభాషి పేరు ఎ.డబ్ల్యు.ఎస్. సర్వర్‌లెస్ జావా కంటైనర్. అమెజాన్ వారే తయారుచేసి అందరికి ఉచితముగా విడిచిన గ్రంథాలయమిది. ఇచ్చట గ్రంథాలయమనగా ఇతర ప్రోగ్రాములు వాడుకొను జావా కట్ట. జెర్సీకి, స్ప్రింగ్‌కు, స్ప్రింగ్ బూట్‌కు ఇది పనిచేయును. వచ్చిన చీటీని చదివి, అందులోని గళ్ళనుండి సర్వ్‌లెట్ రిక్వెస్ట్ పళ్ళెమును సర్ది, గుమాస్తా చేతికిచ్చును. గుమాస్తా నింపిన సమాధానపు పళ్ళెమును తీసికొని తిరిగి చీటీగా వ్రాసి లాంబ్డాకు ఇచ్చును. మధ్యలో టామ్‌క్యాట్ లేడన్న సంగతి గుమాస్తాకు తెలియనే తెలియదు.

ఇది ఎట్లు సాధ్యమైనదో విద్యార్థులు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. సర్వ్‌లెట్ అనునది మూలమున ఒక వస్తువు కాదు, ఒడంబడిక. జావాలో దానిని ఇంటర్‌ఫేస్ అందురు. ఈ పేరుగల ప్రశ్న వేసినచో ఈ విధమైన జవాబు వచ్చును అని మాత్రమే ఆ ఒడంబడిక చెప్పును, జవాబిచ్చువాడెవడో చెప్పదు. టామ్‌క్యాట్ తయారుచేసిన పళ్ళెమైనను దుభాషి తయారుచేసిన పళ్ళెమైనను ఒడంబడికను పాటించినంతవరకు చట్రమునకు భేదము లేదు. తరగతిలో ఇంటర్‌ఫేస్‌లను గూర్చి చదువునప్పుడు ఇవి యెందుకు, నేరుగా పని వ్రాసికొనరాదా యని విసుగుకొను విద్యార్థులు పలువురు. 1990 దశకములో వ్రాసికొన్న ఆ ఒడంబడిక, అప్పటికి ఊహలోనైనను లేని లాంబ్డా కాలమున అక్కరకు వచ్చినది.

మన వైపున చేయవలసిన పని స్వల్పము. క్రొత్తగా ఒక క్లాసు వ్రాయవలెను. ఇరువది పంక్తులకు లోపుగనే ముగియును. అందులో స్టాటిక్ భాగమున మన స్ప్రింగ్ బూట్ ప్రోగ్రాము పేరు చెప్పి దుభాషిని సృష్టింపవలెను. హ్యాండిల్ రిక్వెస్ట్ అను మెథడులో, వచ్చిన ప్రవాహమును దుభాషికి అప్పగించు పంక్తి యొక్కటి చాలును. దుభాషిని స్టాటిక్ భాగముననే ఏల సృష్టింపవలెను? గది తెరిచినప్పుడు ఒక్కసారి జరుగు పని అక్కడ ఉండును, ప్రతి ప్రశ్నకు జరుగు పని మెథడులో ఉండును. ఒక ప్రశ్న ముగియగానే లాంబ్డా గదిని కూల్చివేయదు. కొంతసేపు తాళము వేసి యుంచి, మరియొక ప్రశ్న వచ్చినచో అదే గదిని వాడును. చట్రమును లేపు పెద్ద పని మెథడులో పెట్టినచో ప్రతి అతిథికి పొయ్యి క్రొత్తగా వెలిగించినట్లగును.

కట్ట కట్టుటలో మెలిక యొకటి యున్నది. స్ప్రింగ్ బూట్ తన ప్రోగ్రామును ఒక జార్ ఫైలుగా కట్టునప్పుడు తక్కిన జార్‌లను దాని కడుపులో మడిచి పెట్టును. ఆ అమరిక లాంబ్డాకు అర్థము కాదు. కావున టామ్‌క్యాట్‌ను తొలగించి, అన్నిటిని విప్పి ఒకే జార్‌గా కలుపవలెను, లేదా జిప్ ఫైలులో లిబ్ అను సంచి చేసి జార్‌లను అందులో పెట్టవలెను. రెండవది మేలు. మొదటి దానిలో ఒకే పేరుగల అమరిక ఫైళ్ళు ఒకదానినొకటి మ్రింగివేయు ప్రమాదమున్నది. విప్పిన తరువాత మొత్తము 250 మెగాబైట్లు మించరాదు. మించినచో కంటైనర్ ఇమేజ్ అను రూపమున 10 గిగాబైట్ల వరకు పంపవచ్చును.

ఇంతవరకు విన్నవారు ఇది ఇంత సులభమా యనుకొందురు. చలి ఆరంభమను చిక్కు ఇక్కడనే యున్నది. క్రొత్త గది తెరువవలసి వచ్చినపుడు జరుగు పనులను లెక్కింపుడు. జావా యంత్రము, అనగా జె.వి.ఎం., లేవవలెను. వేలకొలది క్లాసులను జార్‌లనుండి తెచ్చి పరిశీలింపవలెను. స్ప్రింగ్ తన అలవాటు చొప్పున ప్రోగ్రాము మూలమూలలు వెదకి, ఏ వస్తువునకు ఏ వస్తువు కావలెనో చూచి ముడిపెట్టవలెను. డేటాబేసుతో సంబంధము కలుపవలెను. వీటికి తోడు జావా తన కోడును మొదట నెమ్మదిగా అర్థము చెప్పుకొనుచు నడిపి, మాటిమాటికి వాడు భాగములను మాత్రమే తరువాత యంత్రభాషలోనికి మార్చుకొనును. నెలలకొలది మేలుకొని యుండు సర్వరునకు ఇది గొప్ప గుణము, మొదటి గంట నెమ్మదిగా నడచినను తరువాత గుర్రమువలె పరుగెత్తును. నిమిషములలో గది మూతపడుచోట ఆ గుర్రము పరుగందుకొనకముందే కళ్ళెము పడును. కావున మొదటి విద్యార్థికి జవాబు రావడానికి కొన్ని సెకండ్లు పట్టుట సామాన్యము. వెనుక వచ్చి అదే గదిలో ప్రవేశించువారికి కొన్ని మిల్లీసెకండ్లే.

దీనికి మందులు పలువిధములు. జ్ఞాపకశక్తిని పెంచుట మొదటిది. లాంబ్డాలో సి.పి.యు.ను విడిగా అడుగుటకు వీలులేదు. 128 మెగాబైట్లనుండి 10,240 వరకు మెమరీని ఎంచుకొన్నకొలది సి.పి.యు. ఆ పాళ్ళలోనే వచ్చును. 1,769 మెగాబైట్ల వద్ద పూర్తిగా ఒక సి.పి.యు. చేతికి వచ్చును. పొదుపుకొరకు 256 పెట్టి, జావా నిదానమని నిందించువారు వంటవానికి అరచెంబు నీరిచ్చి అన్నముడకలేదని కోపించువారు. గదులను ముందుగానే తెరిపించి పెట్టుకొను పద్ధతి 2019 డిసెంబరులో వచ్చినది. దానికి ఖాళీగా నున్నను బాడుగ పడును. ఫలితముల నాటి ఉదయము రెండు గంటలకు మాత్రము పెట్టుకొనినచో భరింపదగినదే.

అన్నిటికన్న చక్కని మందు 2022 నవంబరులో వచ్చిన స్నాప్‌స్టార్ట్. ప్రోగ్రాము క్రొత్త సంచికను ప్రచురించినపుడే లాంబ్డా ఒక గదిని తెరిచి, జె.వి.ఎం.ను లేపి, స్ప్రింగ్ ముడులన్నియు వేయించి, సరిగా ఆ స్థితిలో గది మొత్తమునకు, మెమరీతో సహా, ఒక ప్రతిబింబము తీసి దాచియుంచును. తరువాత ఎప్పుడు గది కావలసినను మొదటినుండి కట్టక, ఆ ప్రతిబింబమునుండి తిరిగి లేపును. జావా 11, ఆపై సంచికలకు ఇది దొరకును, జావాకు దీనికై వేరుగా రుసుము లేదు. స్ప్రింగ్ వంటి బరువైన చట్రములకు ఇది దాదాపు ప్రాణదానమే. ముందుగా గదులు తెరిపించు పద్ధతిని, దీనిని ఒకే సంచికకు జోడింప వీలులేదు, ఏదో యొకటి ఎంచుకొనవలెను.

ప్రతిబింబములో ప్రమాదమును కలదు. ఒకే ప్రతిబింబమునుండి ఏబది గదులు లేచినచో ఏబది గదులకును ఒకే జ్ఞాపకముండును. ప్రోగ్రాము లేచునపుడే యాదృచ్ఛిక సంఖ్యల బీజమును సిద్ధము చేసికొని, దాని ననుసరించి రశీదు సంఖ్యలు ఇచ్చుచున్నదనుకొందము. అప్పుడు ఏబది గదులును ఒకే సంఖ్యను ఏబదిమందికి ఇచ్చును. రుసుముల విషయమున ఇట్లు జరిగినచో కార్యాలయపు గుమాస్తా గతి యేమగునో చెప్పనక్కరలేదు. సెక్యూర్ ర్యాండమ్ అను జావా క్లాసును వాడినచో లాంబ్డా ఈ ఆపదను తానే తప్పించును, మామూలు ర్యాండమ్‌కు ఆ రక్ష లేదు. డేటాబేసు సంబంధములును అట్టివే. ప్రతిబింబము తీసినప్పటి సంబంధము తిరిగి లేచునాటికి చచ్చియుండును. ప్రతిబింబమునకు ముందు ఏమి మూయవలెనో, లేచిన తరువాత ఏమి తెరువవలెనో చెప్పుటకు రెండు మెథడులు వ్రాసికొను వీలు కల్పించినారు. వానిని వ్రాయకుండ స్నాప్‌స్టార్ట్ మీట నొక్కరాదు.

పాత ప్రోగ్రాములలోని కొన్ని అలవాట్లు ఈ క్రొత్త కొలువులో చెల్లవు. లోపలికి వచ్చిన విద్యార్థి ఎవరన్నది మెమరీలో గుర్తుంచుకొనుట వానిలో మొదటిది. రెండవ ప్రశ్న వేరొక గదికి పోయినచో ఆ గది ఆ విద్యార్థిని ఎరుగదు, తిరిగి సంకేతపదము అడుగును. ఆ గుర్తును డేటాబేసులోనో, సంతకము చేసిన టోకెనులోనో ఉంచవలెను. ఫైళ్ళను యంత్రపు డిస్కులో దాచు అలవాటును మానవలెను. టెంప్ అను అటుకపై కొంత చోటు దొరకును గాని, గది పోవునపుడు అటుకయు పోవును. రాత్రి పన్నెండు గంటలకు తానై లేచి హాజరు సరిచూచు పనులు అసలు జరుగవు. జవాబు ఇచ్చిన మరుక్షణము గది ఘనీభవించును, గడియారము చూచుటకు అందులో ఎవ్వరును మేలుకొని యుండరు. అట్టి పనులను బయటి సమయపాలక సేవకు అప్పగించి, అదే వచ్చి తలుపు తట్టునట్లు చేయవలెను. ఒక ప్రశ్నకు లాంబ్డా గరిష్ఠముగా 15 నిమిషములు ఇచ్చును. ముందున్న గేట్‌వే మాత్రము మామూలుగా 29 సెకండ్లకే ఓపిక కోల్పోవును. చీటీ బరువు 6 మెగాబైట్లు మించరాదు. దరఖాస్తులకు జతచేయు ఛాయాచిత్రములను నేరుగా ఫైళ్ళ గిడ్డంగికి పంపుట మంచిది.

డేటాబేసును గూర్చి వేరుగా చెప్పవలెను. పూల్ అనగా డేటాబేసుతో ముందుగనే కలిపి యుంచుకొను సంబంధముల గుంపు. స్ప్రింగ్ బూట్‌లో ఇది మామూలుగా పది. ఒక్క సర్వరు వందమందికి ఒకేసారి జవాబు చెప్పునపుడు ఆ పది న్యాయమే. లాంబ్డా సాధారణ పద్ధతిలో ఒక గది ఒక సమయమున ఒక్క ప్రశ్ననే చూచును. అనగా పదింటిలో తొమ్మిది వ్యర్థము. ఫలితముల నాడు మూడు వందల గదులు తెరుచుకొనినచో మూడు వేల సంబంధములు డేటాబేసుమీద పడును. పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు మామూలు అమరికలో నూటికి మించి అంగీకరింపదు. ప్రోగ్రాము చెక్కుచెదరక నిలిచి, దాని వెనుక డేటాబేసు కూలిపోవును. వేయిమంది అతిథులకు హాలు విశాలమే, భోజనములకు మాత్రము ఒకే బంతి వేసినట్లు. కావున పూల్ పరిమాణమును ఒకటికి తగ్గింపవలెను, గదుల సంఖ్యకు హద్దు పెట్టవలెను, అవసరమైనచో సంబంధములను పంచి ఇచ్చు ప్రాక్సీ సేవను మధ్య నిలుపవలెను. ఫలితములు ఒకసారి వెలువడిన పిదప మారవు కనుక వానిని ముందుగానే వేరు పట్టికలో సిద్ధము చేసి చదివించుట అన్నిటికన్న చవుక. ఈ చివరి ఉపాయమునకు లాంబ్డాతో పని లేదు, ఇప్పటి యంత్రముపైనను నేడే చేయవచ్చును.

కమిటీ పెద్దలు ఖర్చు అడుగుదురు. అమెరికా తూర్పు తీరపు రేట్ల ప్రకారము పది లక్షల ప్రశ్నలకు 20 సెంట్లు, ఒక గిగాబైటు మెమరీని ఒక సెకండు వాడినందుకు డాలరులో 0.0000166667 వంతు. నెలకు లక్ష ప్రశ్నలు, ఒక్కొక్కటి సెకండులో ఐదవ వంతు, ఒక గిగాబైటు మెమరీ అనుకొనినచో మొత్తము 20,000 గిగాబైటు సెకండ్లు. అనగా 33 సెంట్లు, ప్రశ్నలకు మరి రెండు సెంట్లు. నెలకు 4 లక్షల గిగాబైటు సెకండ్ల వరకు ఉచితము కనుక అదియు పడదు. గేట్‌వేకు వేరుగా కొంత పడును. చలి ఆరంభమున చట్రము లేచు కాలమును ఇదివరకు చాల సందర్భములలో లెక్కించువారు కారు, 2025 ఆగస్టునుండి అదియు లెక్కలోనికి వచ్చినది. ఐతే అదే ఫంక్షను నెల పొడుగునా రెప్పవాల్చక నడచినచో 43 డాలర్లగును, అంతకన్న చాల తక్కువకు చిన్న అద్దె యంత్రము దొరకును. ఎప్పుడును రద్దీగా నుండు సేవకు ఈ కొలువు దండుగ. ఏడాదిలో నాలుగు దినములు మాత్రమే సందడి గల మన వంటి వారికిది తగినది. డేటాబేసు నిద్రపోదు కనుక దాని ఖర్చు ఎప్పటివలెనే ఉండును. ఆ మాట చెప్పక అంతయు ఉచితమనువారిని నమ్మరాదు.

దుభాషి అక్కరలేని మార్గములును ఉన్నవి. లాంబ్డా వెబ్ అడాప్టర్ అనునది టామ్‌క్యాట్‌ను తన వాకిటనే కూర్చుండనిచ్చి, గది లోపలనే చీటీని లేఖగా మార్చి అతనికి అందించును. క్రొత్త క్లాసు సైతము వ్రాయనక్కరలేదు. గ్రాల్ వి.ఎం. ద్వారా జావాను ముందే యంత్రభాషలోనికి మార్చుటయు కలదు. అది వేగమైనది గాని పాత ప్రోగ్రాములకు శ్రమ అధికము. ఏ మార్గము పట్టినను మన మెథడులు మనవే. రేపు అమెజాన్ వారితో పొసగనిచో టామ్‌క్యాట్‌ను తిరిగి చేర్చి వెనుక గదిలోని యంత్రముపైననే నడుపుకొనవచ్చును. ఇరువది పంక్తుల క్లాసు ఒక్కటే వ్యర్థమగును. మూడవ మార్గమును మేము సమర్థించుటకు ఇదియే ప్రధాన కారణము.

ప్రోగ్రామునంతటిని ఒక్కసారి తరలింపవలెనని మేము చెప్పుట లేదు. రశీదులు ముద్రించు ప్రింటరు కార్యాలయములోనిది, ఆ భాగము వెనుక గదిలోనే నుండనిండు. ఫలితములు చూపు భాగమును మాత్రము ముందు తరలించి, పరీక్షలకు నెల ముందే చివరి సంవత్సరపు విద్యార్థులచేత కృత్రిమముగా వేయి ప్రశ్నలు వేయించి చూడవలెను. దానికన్న ముందు ప్రోగ్రాము మూలములోని పామ్ ఫైలును తెరిచి స్ప్రింగ్ బూట్ ఏ సంచికదో చదువవలెను. రెండవ సంచికయైనచో అందులోని సర్వ్‌లెట్ పేర్లన్నియు జావాక్స్ అని మొదలగును, దుభాషి పాత వరుస సంచికలు దానికి సరిపోవును. కాని ఆ స్ప్రింగ్ బూట్‌కు ఉచిత మరమ్మతులు 2023 నవంబరుతో నిలిచినవి. మూడవ సంచికయైనచో పేర్లు జకార్తా అని మొదలగును, జావా 17 కావలెను, దుభాషి రెండవ వరుస సంచికను తీసికొనవలెను. తరలింపు పని వారము పట్టునా నెల పట్టునా యన్నది ఆ ఒక్క పంక్తిని చూచిన తరువాతనే చెప్పగలము.